మధ్యలో వచ్చే మాట

ఆ రీడింగు రూములో ఆమెను అందరూ చిట్కాలమ్మ అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు, ఆమెకు నచ్చిందో లేదో ఎవరూ అడగలేదు. ఇరవై ఆరేళ్ల కిందట చిరిగిన పుస్తకాలకు అట్టలు అతికించే పనిలో చేరింది. పుస్తకాలు అడిగేవాళ్లు తగ్గిపోయాక పైవాళ్లు ఒక మూల నాలుగు కంప్యూటర్లు పెట్టించారు. వాటికోసం వేసిన మనిషి మూడు నెలలు తిరక్కుండానే ఇంకెక్కడో మంచి పని దొరికి వెళ్లిపోయాడు. అక్కడ కుర్చీ ఖాళీ, ఇక్కడ జిగురు గిన్నె పట్టుకుని ఈమె ఖాళీ.

"ఆ కుర్చీలో కూర్చోమ్మా. వాటినెవరూ పాడు చెయ్యకుండా చూడు చాలు" అన్నారు లైబ్రేరియన్ గారు.

కూర్చుంది. ఎవరూ పాడు చెయ్యకుండా చూడాలంటే అవి ఎలా పాడవుతాయో తెలియాలి కదా అని, ముందు తనే పాడు చేసి, తనే బాగు చేసుకుంటూ నేర్చుకుంది. పెద్ద పెద్ద సంగతులేవీ ఆమెకు తెలియవు. మిషను విప్పడం తెలియదు. తెలిసినవల్లా మనిషి ప్రాణం విసిగించే చిన్న చిన్న చికాకులే. వాటికి మాత్రం ఆమె దగ్గర మందుండేది.

పాత రోజుల్లో ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో రాసిపెట్టిన కార్డులు మూడు సొరుగుల నిండా మిగిలిపోయాయి. ఆమె ఆ కార్డుల వెనకవైపు గుండ్రటి అక్షరాలతో చిట్కాలు రాసిపెట్టేది. అడిగినవాళ్లకు నోటితో చెప్పి, మళ్లీ మరిచిపోతారని కార్డు చేతిలో పెట్టేది. ఒకవైపు ఏదో కోళ్ల పెంపకం పుస్తకం వివరాలు, రెండోవైపు ఇలా ఉండేది: "ఛార్జింగు ఎక్కకపోతే వైరు మార్చకండి. ఫోను ఆపేసి, వైరు దూర్చే కన్నంలో పళ్లపుల్లతో మెల్లగా గీకండి. మీ జేబులో నూలంతా అక్కడే ఉంటుంది. పిన్నీసు వద్దు." ఇంకొక కార్డు మీద: "వేలిముద్ర పట్టకపోతే అదే వేలిని రెండోసారి నమోదు చెయ్యండి, ఈసారి కాస్త పక్కకు ఆనించి." పాస్‌వర్డు తప్పని గోల పెడుతుంటే పెద్దక్షరాల మీట వెలుగుతోందేమో చూడమనేది. ల్యాప్‌టాప్ కాలిపోతోందని వచ్చినవాళ్లను, "పరుపు మీద పెట్టుకుంటున్నారా?" అని అడిగేది. అడుగున గాలాడే కన్నాలుంటాయని, చెక్క మీద పెట్టమని చెప్పేది. ముక్కు మూసేసి పరిగెత్తమంటే అది మాత్రం ఏం పరిగెత్తుతుంది అనేది.

ఒకసారి ఒక రిటైరైన గుమాస్తా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, తల భుజం మీదికి వాల్చుకుని వచ్చాడు.

"మూడు రోజులనుంచి ఇలాగే చదువుతున్నానమ్మా. తెర పక్కకు తిరిగిపోయింది. దాంతోపాటు నా మెడా తిరిగిపోయింది."

"మీ మనవలెవరైనా మీటల మీద చేతులేశారా?"

"పిల్లి పడుకుంది."

ఆమె మూడు మీటలు కలిపి నొక్కింది. తెర తిన్నగా నిలబడింది. గుమాస్తా మెడ మాత్రం సాయంత్రం దాకా నిలబడలేదు.

అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన కార్డు ఒకటుంది. "మీ పాత ఫోను ఇంకొకరికి ఇస్తున్నారా? ఇచ్చేముందు లోపలున్నదంతా తుడిచేసి ఇవ్వండి. మీ మాటలు మీ దగ్గరే ఉండాలి." ఈ ఒక్క సంగతి ఆమె అడగనివాళ్లకు కూడా చెప్పేది.

ఆమె భర్త పంపుల మేస్త్రీ. ఊళ్లో సగం ఇళ్ల గొట్టాలు ఆయన బిగించినవే. నోరు మూతపడేది కాదు. నీళ్లు ఆగిపోయిన ఇంటికి వెళ్తే ముందు గోడ పొడుగునా గొట్టాన్ని చూపుడువేలితో టకటకా తట్టుకుంటూ పోయి, ఒకచోట ఆగి, అక్కడే నాలుగైదుసార్లు తట్టి, "ఇదిగో, ఇక్కడ చచ్చింది" అనేవాడు. అక్కడే పగలగొడితే అక్కడే అడ్డం ఉండేది. పెళ్లాం కార్డులంటే ఆయనకు వేళాకోళం.

"నీ వైద్యం, నా వైద్యం ఒకటేనే. కట్టెయ్యడం, మళ్లీ విప్పడం. ఆమాత్రానికి నిన్ను అమ్మా అంటారు, నన్ను ఒరే అంటారు."

ఇంట్లో ఉంటే చాలు, ఆయన గొంతు గదిగదికీ వినబడేది. "ఏమేవ్, ఇలా రా." తువ్వాలు కావాలన్నా అదే, కళ్లజోడు కనబడకపోయినా అదే. చేతిలో పని వదిలేసి వెళ్తే ఒక్కోసారి, "ఏం లేదు, ఊరికే" అనేవాడు.

"ఊరికే పిలవడమేంటండీ? అక్కడ పొయ్యి మీద పాలున్నాయి."

"పొంగితే ఆర్పుతావులే. కాసేపు కూర్చో."

ఆమె కూర్చునేది కాదు.

ఎనిమిది నెలల కిందట ఎవరింట్లోనో స్నానాల గదిలో గొట్టం బిగిస్తూ బిగిస్తూ మేస్త్రీ పక్కకు ఒరిగిపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు, మాట ఒకేసారి పోయాయి. నెల తిరిగాక ఎడమచేతి చూపుడువేలు ఒకటి ఆడటం మొదలుపెట్టింది. గొంతులోంచి "అ" అనే చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. ఆ "అ" నొప్పికో, ఆకలికో, పిలుపుకో ఎవరికీ తెలిసేది కాదు.

పెద్దాసుపత్రిలో మాట పోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పే డాక్టరమ్మ ఉంది. వారానికొక క్లాసు, క్లాసుకు ఎనిమిది మంది. ఎనిమిది కుర్చీలకు ఎదురుచూసేవాళ్లు వందమంది. డాక్టరమ్మ మొదటిరోజే దాపరికం లేకుండా చెప్పింది.

"ఈయన లోపల మాట ఉండి బయటికి రావడం లేదా, లోపలే పోయిందా అన్నది నాకు తెలియాలమ్మా. లోపల ఉంటే వేలితోనో, బొమ్మతోనో బయటికి లాగొచ్చు. కొన్ని నెలలు చూస్తాను. ఏ గుర్తూ లేకపోతే కుర్చీ ఇంకొకరికి ఇవ్వాలి. తప్పుగా అనుకోకు."

వేలితో అన్న మాటను ఆమె పట్టుకుంది. ఆ సాయంత్రమే తన పాత ఫోను బయటికి తీసింది. పదకొండేళ్లుగా రెండు ఫోన్లు మారినా కీబోర్డు నేర్చుకున్న మాటలు ఒకదాన్నుంచి ఒకదానికి వస్తూనే ఉన్నాయి. తను ఇంకో ఫోను చూసుకుని, దీన్ని మేస్త్రీకి ఇచ్చింది. చేతికింద చిన్న చెక్కస్టాండు పెట్టింది. అక్షరాలు పెద్దవి చేసింది. తెర అటూ ఇటూ తిరగకుండా బిగించింది. ఆయన వేలు కదలడానికి చాలాసేపు పడుతుంది కనుక, అర నిమిషానికే ఆరిపోయే తెరను పది నిమిషాల దాకా ఆరకుండా మార్చింది. రాసుకోవడానికి ఖాళీ కాగితం లాంటి పేజీ తెరిచి ముందు పెట్టింది. ఊరందరికీ చెప్పే చిట్కాలన్నీ ఒకచోట పోగేసి మొగుడి చేతికింద పెట్టింది. ఒక్కటి తప్ప. లోపలున్నది తుడవలేదు. ఇస్తున్నది పరాయివాళ్లకా ఏంటి?

మూడోరోజు ఆమె పనినుంచి వచ్చేసరికి ఆడపడుచు గుమ్మంలోనే ఎదురొచ్చింది. మేస్త్రీకి ఒక్కతే చెల్లెలు, రెండిళ్ల అవతల ఉంటుంది. పగలంతా అన్న దగ్గర కూర్చుని ఇస్త్రీ బట్టలు మడతలు పెట్టుకుంటూ ఉంటుంది.

"వదినా, అన్నయ్య రాశాడు. నువ్వే వచ్చి చూడు."

తెర మీద ఉంది. "లేటవుతుంది తినేసి పడుకోండి."

ఆమె చేతిసంచీ కింద పెట్టడం మరిచిపోయింది. ఆరోజు నిజంగానే గంట ఆలస్యమైంది. ఆలస్యమైందని గమనించాడు. తినలేదని గమనించాడు. ఇన్ని నెలలూ గోడకేసి చూస్తూ పడున్న మనిషి లోపలినుంచి ఇంటిని కనిపెట్టుకునే ఉన్నాడు. మంచం అంచున కూర్చుని ఆ మూడు మాటలూ పదిసార్లు చదివింది.

"అది సరే గానీ, మా అన్నయ్య నిన్ను మీరు అంటున్నాడేంటి?" అంది ఆడపడుచు. "ఇన్నేళ్లలో ఏమే, ఒసే తప్ప విన్నామా? జబ్బు చేసి మర్యాద నేర్చుకున్నాడు."

"నువ్వూరుకో. మంచంలో పడ్డవాళ్లు మెత్తబడతారు."

ఆరోజునుంచి ఒక నోటుబుక్కు పెట్టింది. ఏ తారీఖున ఏం రాశాడో రాసుకుంది. ఆయన్ని కూర్చోబెట్టగానే వేలు తెర మీదికి జార్చేవాడు. ఒకేచోట తట్టేవాడు, ఆగేవాడు, మళ్లీ తట్టేవాడు. "తాళంచెవి పక్కింట్లో ఇచ్చాను" అని వచ్చిన రోజున ఆమె నిజంగానే పక్కింటికి వెళ్లి అడిగింది. పక్కింటావిడ బీరువా పైన వెతికి, ఎప్పటిదో తుప్పుపట్టిన తాళంచెవి తెచ్చి ఇచ్చింది. దాన్ని చూసి ఆమె కళ్లు చెమర్చాయి. మనకే గుర్తులేనిది ఆయనకు గుర్తుంది. "వచ్చాక చెప్తాను" అన్నది ఎక్కువసార్లు వచ్చేది. మాట వచ్చాక చెప్తానంటున్నాడని ఆమె అర్థం చేసుకుంది. ఏం చెప్తాడో అని ఆలోచిస్తూ రీడింగు రూముకు నడిచేది. ఆ నాలుగు నెలలూ కౌంటరు దగ్గర ఆమె నవ్వడం చూసి లైబ్రేరియన్ గారే ఆశ్చర్యపోయారు.

బాగా అలవాటయ్యాక చెబుదామని క్లాసులో ఇన్నాళ్లూ బయటపెట్టలేదు. గడువు దగ్గరపడ్డాక డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పింది. "వాక్యాలకు వాక్యాలే రాస్తున్నారు."

"సొంతంగానా?"

"సొంతంగానే. నేను పక్కన కూడా ఉండను."

"అయితే గురువారం ఆ ఫోనూ, మీరు రాసుకున్న పుస్తకమూ తీసుకురండి. నా కళ్లముందు ఒక్క వాక్యం రాస్తే చాలు, కుర్చీ ఆయనదే. ఇంకో ఏడాది నేను వదలను."

గురువారానికి మూడు రోజుల ముందు, సోమవారం మధ్యాహ్నం, దర్జీ తాత కౌంటరు దగ్గరికి వచ్చాడు. మెళ్లో కొలతల టేపు తియ్యకుండానే వచ్చాడు.

"అమ్మా, ఇది నా మాట వినడం లేదు. కూతురికి బాగున్నావా అని రాద్దామని తెరిస్తే, బుధవారం రండి అంటోంది."

"మీరు అందరికీ బుధవారం రండి అని రాస్తారా?"

"పని అవ్వకపోతే మరేం రాస్తాను?"

"మీ దగ్గర నేర్చుకున్నదే మీకు అప్పజెప్తోంది తాతా." ఆమె ఫోను తీసుకుంది. అక్షరాల పలక పైన సన్నటి పట్టీ, అందులో మూడు మాటలు. "ఇటు చూడండి. తరవాత మీరేం రాస్తారో ఇది ముందే ఊహించి ఇక్కడ పెడుతుంది. ఎక్కువసార్లు రాసింది మధ్యలో పెడుతుంది. నమ్మకం లేకపోతే కళ్లు మూసుకోండి. మధ్యమాట మీద వేలు పెట్టి తడుతూ ఉండండి. చూడొద్దు, ఊరికే తట్టండి."

తాత కళ్లు మూసుకుని తట్టాడు. పేపరు చదువుకునేవాళ్లు ఇద్దరు లేచి వచ్చి వెనక నిలబడ్డారు. తాత వేలి కింద ఒక్కొక్కటే వచ్చి కూర్చుంది. "బుధవారం రండి కుట్టేశాను కాజాలు మిగిలాయి బుధవారం రండి."

"కళ్లు మూసుకుని కూడా అబద్ధమాడుతున్నానే" అన్నాడు తాత కళ్లు తెరిచి.

వెనకవాళ్లు పగలబడి నవ్వారు. చిట్కాలమ్మ నవ్వలేదు. ఆమె తాత వేలినే చూస్తోంది. ఒకేచోట తట్టడం, ఆగడం, మళ్లీ తట్టడం.

అలవాటు కొద్దీ చెయ్యి సొరుగులోకి వెళ్లింది. ఆ చికాకు తాలూకు కార్డు ఎప్పుడో తనే రాసి పెట్టింది. "ఈ మాటలు ఫోను మనసులోంచి రావు. ఇంతకుముందు ఆ ఫోనులో మీరు రాసినవే తిరిగొస్తాయి. చికాకనిపిస్తే సెట్టింగ్స్‌లో సూచనలు ఆపెయ్యండి." గుండ్రటి అక్షరాలు, కింద గీత కూడా గీసుంది. కార్డు తాతకు ఇవ్వబోయి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

"ఆపెయ్యమంటావా అమ్మా?" అన్నాడు తాత.

"మీ ఇష్టం" అంది. తాత పోయాడు. కార్డు ఆమె దగ్గరే ఉండిపోయింది.

లేటవుతుంది, తినేసి పడుకోండి. పదకొండేళ్లుగా రీడింగు రూము మూసే పూట ఆమె మేస్త్రీకి పంపిన మాట అది. తాళంచెవి పక్కింట్లో ఇచ్చాను. ఏదైనా అడిగితే, పనిలో ఉన్నాను వచ్చాక చెప్తాను. అన్నీ తనవే. వాటిని రోజుకు రెండుసార్లు రాసిన మనిషికి, మొగుడి నోట వచ్చేసరికి పోలిక తెలియలేదు. తెలియలేదా, తెలుసుకోబుద్ధి కాలేదా అని దారంతా తనను తనే అడుక్కుంది.

ఇంటికి వచ్చేసరికి ఆడపడుచు మేస్త్రీని దిండ్లు ఆనించి కూర్చోబెట్టి ఉంచింది. వేలు తెర మీద ఉంది. ఆమె ఇన్నాళ్లూ తెర మీద పడే మాటలు చూసింది గానీ, వేలు ఎక్కడ పడుతోందో చూడలేదు. ఇవాళ వేలినే చూసింది. అక్షరాల జోలికి పోలేదు. పట్టీ మధ్యలో, ఒక్కచోటే. టక టక టక. ఆగాడు. తల కొంచెం పక్కకు వంచాడు, చెవి పెట్టినట్టు. మళ్లీ టక టక.

అప్పుడు తెలిసింది ఆమెకు. ఆయన రాయడం లేదు. గొట్టం తట్టి చూస్తున్నాడు.

ఫోను తీసుకుని సెట్టింగ్స్ తెరిచి, సూచనలు ఆపేసింది. చేతులు వాటంతటవే చేశాయి, ఎన్ని వందల ఫోన్లలో చేసినవో. మళ్లీ స్టాండులో పెట్టింది. పట్టీ ఖాళీ అయింది. మేస్త్రీ అదేచోట తట్టాడు. ఏమీ రాలేదు. మళ్లీ తట్టాడు. కాసేపాగి ఇంకొకసారి. వేలు కిందికి జారి ఒక అక్షరం మీద పడి, అదే అక్షరం వరసగా తెర చివరిదాకా పాకింది. వేలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంకేదైనా రాయండి" అంది ఆమె. "నా పేరు రాయండి. పోనీ, మీ పేరు. పోనీ ఏదో ఒకటి."

"అ" అన్నాడు మేస్త్రీ, గోడకేసి చూస్తూ.

మంగళవారమంతా అంతే. బుధవారం పొద్దున ఆడపడుచు ఇస్త్రీ బట్టల మూట కింద పడేసి మీదికొచ్చింది.

"అన్నయ్య రాయడం మానేశాడు. ఏం చేశావ్ వదినా ఆ ఫోన్ని?"

చెప్పింది. ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆడపడుచు మొహం మెల్లమెల్లగా పాలిపోయింది. బట్టల మూట మళ్లీ చేతికి తీసుకుని అంది:

"అయితే అయింది. నాకు మాత్రం రోజంతా మా అన్న మాట్లాడుతున్నట్టుండేది. నీ నిజం ఎవరికి కావాలి?"

"నాకు తెలియాలి కదే."

"తెలిసింది కదా, ఏం చేసుకుంటావు? రేపు గురువారం. మళ్లీ పెట్టెయ్. డాక్టరమ్మ ముందు నాలుగుసార్లు తడతాడు, నాలుగు మాటలొస్తాయి. కుర్చీ ఉంటుంది. కుర్చీ ఉంటే ఆవిడ ఏదో ఒకటి నేర్పుతుంది. నువ్వు నోరు మెదపకు, చాలు."

"అది మోసం కాదా?"

"ఇన్నాళ్లూ కౌంటరు దగ్గర కూర్చుని ఊరందరి చికాకులూ తీర్చావు. ఒక్కటి నీది తీర్చుకో. ఎవడొద్దన్నాడు?"

ఆమె లేచి పనికి వెళ్లిపోయింది. కానీ గురువారం ఆసుపత్రి వరండాలో, చక్రాల కుర్చీలో మేస్త్రీ పక్కన కూర్చుని, వాళ్ల నంబరు రావడానికి ఇంకా ముగ్గురు ఉన్నారనగా, ఫోను ఒళ్లో పెట్టుకుని సూచనలు మళ్లీ పెట్టేసింది. నలుగురూ చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది. ఎవరూ చూడలేదు.

డాక్టరమ్మ ఆమె రాసిన నోటుబుక్కు పక్కన పెట్టి, ముందు ఫోను అందుకుంది. స్టాండు సర్ది మేస్త్రీ ఎడమచేతి కింద పెట్టింది. "ఏదీ మేస్త్రీగారూ, నాకొక మాట చెప్పండి."

పట్టీ మధ్యలో "లేటవుతుంది" అని సిద్ధంగా ఉంది. ఒక్కసారి తడితే చాలు. మేస్త్రీ వేలు ఒళ్లోనే ఉంది.

"తట్టండి" అంది ఆమె, గొంతు తగ్గించి. "ఎప్పటిలాగా తట్టండి."

డాక్టరమ్మ తొందరపెట్టలేదు. గోడ గడియారం కింద ఆడవాళ్లిద్దరూ ఆ వేలినే చూస్తూ కూర్చున్నారు. ఆమె ఆయన చెయ్యి ఎత్తి తెర దగ్గర పెట్టింది. వేలు తెరకు తగిలి, ఏమీ పట్టనట్టు జారి మళ్లీ ఒళ్లో పడింది.

"రాసేవారు" అంది ఆమె. "మొన్న సోమవారం దాకా రాసేవారు."

డాక్టరమ్మ నోటుబుక్కు తెరిచింది. మొదటి పేజీ, రెండో పేజీ, మధ్యలో ఒకటి, చివరిది. మళ్లీ మొదటికి వచ్చింది. అవే మూడు నాలుగు వాక్యాలు తిరిగి తిరిగి వస్తుంటే వేలు పెట్టి చూపించింది. కోపంగా కాదు.

"ఇవి ఎవరి మాటలమ్మా?"

"నావే డాక్టరమ్మా" అంది ఆమె. "ఈ ఫోను నాది. తుడవకుండా ఇచ్చాను."

తరవాత అంతా చెప్పింది, ఆపేసిన సంగతి, వరండాలో మళ్లీ పెట్టిన సంగతి కూడా. డాక్టరమ్మ వింది.

"ఆయన తట్టినప్పుడల్లా తెర మీద ఏదో కదిలేది. అందుకని తట్టేవారు. కదలడం ఆగింది, మానేశారు. ఇలా దెబ్బతిన్న మెదడుకు ఒక అలవాటు పట్టడమే కష్టం, పోయాక మళ్లీ పట్టడం ఇంకా కష్టం. మీ తప్పని కాదు. అది మాట అయితే కాదు."

"అలవాటైనా ఉండేది కదా."

డాక్టరమ్మ ఇంటి దగ్గర చేయించాల్సిన వ్యాయామాల కాగితం రాసిచ్చింది. నోరు తెరవడం, మూయడం, నాలుక అటూ ఇటూ తిప్పడం. తలుపు దగ్గర ఇంకొక ఇల్లాలు ఇంకొక చక్రాల కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. చిట్కాలమ్మ మేస్త్రీ కుర్చీ పక్కకు తోసి ఆవిడకు దారిచ్చింది.

రీడింగు రూములో ఆ తరవాత కూడా ఆమె అలాగే పని చేసింది. గుమాస్తా పిల్లి మళ్లీ తెర తిప్పింది, మళ్లీ సరిచేసింది. ఒకావిడ పాత ఫోను మరదలికి ఇస్తున్నానంటే, తుడిచెయ్యమని చెప్పడానికి నోరు తెరిచి, మాట మార్చి, "మంచిమాటలేమైనా రాసి ఉంటే ఉంచెయ్యండి" అంది. ఆవిడకు అర్థం కాలేదు. ఆమె కూడా మళ్లీ చెప్పలేదు.

ఇంట్లో ఆమెను తొలిచేది ఒక్కటే ఆలోచన. ఫోను ఆమె దగ్గర నేర్చుకున్నదే చెప్పింది. పదకొండేళ్లు మొగుడికి ఆమె ఏం రాసిందో అదే దాని దగ్గరుంది. లేటు, తాళంచెవి, వచ్చాక. ఒక్కసారైనా ఇంకో మాట రాసి ఉంటే ఆ ఇంకో మాట వచ్చేదేమో. వచ్చాక చెప్తాను అని రాసిన రోజుల్లో ఇంటికి వచ్చాక ఏం చెప్పిందో ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తు రాలేదు. ఏమీ చెప్పి ఉండదు. వచ్చి, అలిసిపోయి పడుకుని ఉంటుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మేస్త్రీని దిండ్లు ఆనించి కూర్చోబెట్టి, ఫోను తన చేతిలోకి తీసుకుని, ఖాళీ పేజీలో ఒక మాట రాసింది. "ఏమేవ్ ఇలా రా." చెరిపేసి, మళ్లీ రాసింది. మళ్లీ, మళ్లీ. ముప్పయ్యోసారో నలభయ్యోసారో లెక్క తప్పింది. ఆడపడుచు గుమ్మంలో నిలబడి చూసి, ఒక్క వేళాకోళమైనా ఆడకుండా వెళ్లిపోయింది. చివరికి ఖాళీ పేజీ తెరిస్తే చాలు, పట్టీ మధ్యలో "ఏమేవ్" వచ్చి నిలబడింది. ఒక్కసారి తడితే "ఇలా", ఇంకొకసారి తడితే "రా".

స్టాండులో పెట్టి ఆయన చేతికింద సర్దింది. తను లోపలికి వెళ్లి పొయ్యి దగ్గర నిలబడింది. పిలిస్తే వినబడేంత దూరంలోనే. పాలు పెట్టింది. పొంగకముందే ఆర్పేసింది. మళ్లీ వచ్చి చూసింది.

మేస్త్రీ గోడకేసి చూస్తున్నాడు. వేలు ఒళ్లో ఉంది. తెర మీద మధ్యలో ఆ మాట అలాగే ఉంది. పది నిమిషాలైంది కాబోలు, తెర మసకబారడం మొదలుపెట్టింది. ఎప్పటికీ ఆరిపోకుండా చేసే మార్గం కూడా ఒకటుంది, ఆమెకు తెలుసు, ఆ కార్డు కూడా తనే రాసింది. అది చెయ్యలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని ఆయన పక్కన కూర్చుని, తెరను ఒక్కసారి తాకింది. వెలిగింది. పది నిమిషాలకు మళ్లీ మసకబారింది. మళ్లీ తాకింది.